పిండి సంచి మీద ఎర్ర పూలు

మొన్న ఆదివారం గరాజ్ సర్దుతుంటే ఆ నాలుగు చెక్కలు మళ్లీ బయటికి వచ్చాయి. ఒక్కోటి ఎనిమిదడుగుల పైనే పొడవు, తెలియనివాళ్లు చూస్తే విప్పేసిన పాత మంచం పట్టెలు అనుకుంటారు, వాటి అంచు పొడవునా చారల గుడ్డ పట్టీ ఒకటి చిన్న మేకులతో కొట్టి ఉంటుంది. బొంత కుట్టే చట్రం అది. 2010 నుంచి మాతోనే ఉంది. ఇల్లు మారినప్పుడల్లా మావారు "ఇది కూడానా?" అనడం, నేను "అది కూడా" అనడం, అంతే. అది ఎవరిదో, మా దగ్గరికి ఎలా వచ్చిందో ఎన్నాళ్ల నుంచో రాయాలనుకుంటున్నాను. ఈసారి చెక్కలు దులిపి గోడకి ఆనించి వచ్చి రాయడానికి కూర్చున్నాను.

మేము 2001 నవంబరులో కెనడాలోని సస్కాచువాన్ వచ్చాం. మావారికి ఎస్టర్‌హేజీ దగ్గర పొటాష్ గనిలో ఉద్యోగం. 1962 నుంచి అక్కడ దాదాపు కిలోమీటరు లోతున పొటాష్ తవ్వుతున్నారు, ఇటుక పొడిలా ఎర్రగా ఉంటుంది. మా నాన్న నర్సాపురం దగ్గర మా చేలో చల్లే ఎర్ర పొటాష్ ఇలాంటి చోటు నుంచే రైలెక్కి, ఓడెక్కి వస్తుందని నాకు అప్పటిదాకా తెలీదు. మాకు ఇల్లు దొరికింది మాత్రం గనికి కాస్త దూరంగా ఒక చిన్న ఊళ్లో. ఒకటే వీధి, ఒక పోస్టాఫీసు, ఉల్లిపాయ ఆకారం గోపురంతో ఒక ఉక్రేనియన్ చర్చి, రైలుకట్ట పక్కన ధాన్యం నిలవచేసే ఎత్తైన చెక్క ఎలివేటరు. ఎటు చూసినా బల్లపరుపు నేల, అక్కడక్కడ ఆస్పెన్ చెట్ల గుంపులు, మిగతాదంతా ఆకాశం. గోదావరి జిల్లాలో పుట్టి పెరిగినదాన్ని, కనుచూపుమేర ఒక్క కొబ్బరి చెట్టు గానీ ఒక్క కాలువ గానీ లేని నేల చూసి మొదటి వారం రోజులు నాకు కడుపులో ఏదో బెంగగా ఉండేది.

మూడో రోజో నాలుగో రోజో పక్కింటి పెద్దావిడ తలుపు కొట్టారు. చేతిలో రొట్టె, ఇంకా వేడిగా ఉంది, దాన్ని ఒక తెల్లగుడ్డలో చుట్టి తెచ్చారు. ఆ గుడ్డ అంచున ఎరుపు, నలుపు దారాలతో ఇంటూ మార్కు కుట్టు, చిన్న చిన్న గళ్లలో పూలు. నేను రొట్టె సంగతి మర్చిపోయి గుడ్డే చూస్తున్నాను. ఆవిడ చూపు నా భుజం మీదుగా లోపలికి పోయింది, మా బల్ల మీద అమ్మ అల్లి పంపిన లేసు గుడ్డ పరిచి ఉంది. లోపలికి వచ్చి, పలకరింపు కూడా పూర్తికాకముందే దాన్ని తీసి వెనక్కి తిప్పి చూశారు. ముందు వైపు కాదు, వెనక వైపు. ముడులు ఎక్కడున్నాయో వేలితో తడుముకుంటూ వెతికి, దొరక్కపోతే తల ఊపి, "ఎవరు?" అన్నారు. మా అమ్మ అన్నాను. అప్పటికి ఆవిడకు 77 ఏళ్లు.

ఊళ్లో అందరూ ఆవిడను బాబా అనేవాళ్లు. వాళ్ల ఉక్రేనియన్ భాషలో అమ్మమ్మ, నాన్నమ్మ ఎవరైనా బాబాయే. నన్ను దోన్యూ అని పిలిచేవారు, అంటే అమ్మాయీ అని. ఆవిడ అసలు పేరు ఇక్కడ రాయను, పిల్లలూ మనవలూ అక్కడే ఉన్నారు, వాళ్లను అడగలేదు.

బాబా పుట్టింది 1924లో, ఆ ఊరికి పదకొండు కిలోమీటర్ల దూరంలోని పొలంలో, ఇంట్లోనే. అమ్మానాన్నలు మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే గలీసియా నుంచి వచ్చారు, అప్పట్లో అది ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉండేది. కెనడా ప్రభుత్వం 1872 చట్టం కింద పది డాలర్ల రుసుముకి 160 ఎకరాలు ఇచ్చేది, మూడేళ్లలో ఇల్లు కట్టుకుని, కొంత భూమి దున్ని చూపిస్తే పట్టా. పది డాలర్లకు 160 ఎకరాలు అంటే మన గోదావరి రైతులకు కళ్లు తిరుగుతాయి కానీ, ఆ భూమిలో చెట్ల మొద్దులు పెకలించాలి, రాళ్లు ఏరాలి, చలికాలం మైనస్ 40. ఇంకో సంగతి, ఒంటరి ఆడవాళ్లకు ఆ భూమి ఇచ్చేవారు కాదు. అమెరికాలో 1862 చట్టం పెళ్లికాని ఆడవాళ్లకూ ఇచ్చింది, ఇక్కడ మాత్రం పిల్లలున్న వితంతువులాంటి వాళ్లకు, ఇంటికి పెద్ద అనిపించుకున్నవాళ్లకు తప్ప ఆడవాళ్లకు లేదు. బాబా వాళ్లమ్మ ఆ మొద్దులు పెకలించింది, ఆ రాళ్లు ఏరింది, పట్టా మీద ఆమె పేరు లేదు.

మొదట్లో వాళ్లు నేలలో గొయ్యి తవ్వి పైన మట్టిపెళ్లలు కప్పుకుని ఉండేవారట. తర్వాత దుంగలతో ఇల్లు కట్టి, మట్టిలో గడ్డి, పేడ కలిపి తొక్కి గోడలకు మెత్తి సున్నం కొట్టారు. బాబా ఇది చెబుతున్నప్పుడు నేను మధ్యలో ఆపి, మా అమ్మమ్మగారి ఇల్లు కూడా ఇలాంటిదే అన్నాను, పేడ అనడానికి ఇంగ్లిషు మాట ఠక్కున రాక ఆవును చేత్తో చూపించాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఆ రోజు నుంచే, నా దృష్టిలో, మేమిద్దరం ఇరుగుపొరుగు కాకుండా పోయాం.

బాబాకు ఏడేళ్లప్పుడు వాళ్లమ్మ సూది ఇచ్చింది. కొత్త గుడ్డ కొనే స్తోమత లేదు, గోధుమపిండి సంచులే గుడ్డ. పిండి 98 పౌన్ల సంచుల్లో వచ్చేది, మన లెక్కలో 44 కిలోలు పైచిలుకు. తెల్లటి నూలుగుడ్డ, మీద కంపెనీ బొమ్మ అచ్చు. మూజ్‌జాలో మిల్లు ఉన్న రాబిన్‌హుడ్ పిండి సంచుల అచ్చు ఒక పట్టాన వదిలేది కాదట. కిరసనాయిలు రాసి, ఇంట్లో కాచిన సబ్బుతో ఉడకబెట్టి, గడ్డి మీద ఎండలో పరిచి, మళ్లీ తడిపి, మళ్లీ పరిచి, అలా వారం రోజులు. ఆ గుడ్డే పిల్లల లోపలి బట్టలు, దిండు గలీబులు, వంటింటి తువ్వాళ్లు, పెళ్లికూతురి లంగా కూడా. సంచి మూతి కుట్టిన దారాన్ని కత్తెర పెట్టకుండా కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే మొత్తం ఊడి వస్తుంది, దాన్ని ఉండ చుట్టి దాచి, ఆ దారంతో లేసు అల్లేవారు. మా అమ్మ కిరాణా పొట్లాల దారం ఇలాగే ఉండ చుట్టేది. నేనది చెబితే బాబా లేచి వెళ్లి బీరువాలోంచి ఒక ఉండ తీసుకొచ్చి నా ఒళ్లో పెట్టారు, కమలాపండంత ఉంది, 1930ల నాటిది.

ముప్పైల గురించి ఆవిడ ఎక్కువ చెప్పేవారు కాదు. 1929లో ధరలు పడ్డాయి, తర్వాత వానలు పోయాయి. దక్షిణాన ఉన్న ఊళ్లలో పొలాలకు పొలాలే దుమ్మై లేచిపోయాయి, వీళ్లవైపు అంత లేకపోయినా 1937లో వీళ్లకూ పంట పోయింది. ఆ ఏడాది సస్కాచువాన్ మొత్తం మీద సగటున ఎకరానికి మూడు బుషెళ్ల గోధుమ కూడా పండలేదు, మంచి ఏడాదైతే పదిహేను దాటేది. కిటికీల సందుల్లో తడిగుడ్డలు కుక్కినా అన్నంలో... అదే, రొట్టెలో ఇసుక తగిలేదట. తూర్పు నుంచి రైళ్లలో సాయం వచ్చేది, ఒంటారియో నుంచి ఆపిళ్లు, సముద్రతీరం నుంచి ఉప్పు వేసి ఎండబెట్టిన కాడ్ చేప. ఆ చేపను ఏం చేయాలో ఇక్కడ ఎవరికీ తెలీదు, పలకలా గట్టిగా ఉంటే కొందరు దాన్ని చెప్పుల అడుగుకి కొట్టుకున్నారని ఇప్పటికీ నవ్వుకుంటారు. మా వైపు ఎండుచేపను రాత్రంతా నానబెట్టి, వంకాయ వేసి పులుసు పెడతామని చెప్పాను. బాబా నవ్వలేదు. "మా అమ్మకు ఎవరైనా అప్పుడు చెప్పి ఉంటే బాగుండేది, పారేశాం" అన్నారు. అరవై ఏళ్ల కిందటి చేప గురించి ఆవిడ ముఖంలో ఆ నొప్పి నేను మర్చిపోలేను.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. రెడ్‌క్రాస్ కోసం ఊరూరా ఆడవాళ్లు మేజోళ్లు, స్వెట్టర్లు అల్లారు, బొంతలు కుట్టి ఇంగ్లండ్ పంపారు. డబ్బు పోగుచేయడానికి పేర్ల బొంతలని ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా పది సెంట్లో పాతిక సెంట్లో ఇస్తే వాళ్ల పేరు బొంత మీద దారంతో కుడతారు, అన్నీ నిండాక ఆ బొంతను లాటరీ వేస్తారు, ఆ డబ్బు కూడా రెడ్‌క్రాస్‌కే. బాబా చేతిరాత బావుండేదని ఆ పని ఈవిడకు అప్పజెప్పారు. పద్దెనిమిదేళ్ల పిల్ల, రాత్రిళ్లు కిరసనాయిలు దీపం కింద, చుట్టుపక్కల మూడు ఊళ్ల జనం పేర్లన్నీ కాడకుట్టుతో కుట్టింది, ఎర్ర దారంతో, వందల పేర్లు. అందులో మీ పేరు ఎక్కడుంది అని అడిగాను నేను. ఆవిడ ఆశ్చర్యంగా చూశారు. నా దగ్గర పది సెంట్లు ఎక్కడివి, అన్నారు.

నేను ఆ మాట పట్టుకుని చాలా రోజులు తిరిగాను.

ఎందుకంటే మా అమ్మ ఉంది. నర్సాపురం లేసు సంగతి మన జిల్లాల వాళ్లకు చెప్పక్కర్లేదు, పందొమ్మిదో శతాబ్దంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులు నేర్పారు, అక్కడి నుంచి ఇంటింటికీ పాకింది. మా అమ్మ చేసేది చేతిపని, అంటే పూలు అల్లడం. ఆ పూలన్నీ కలిపి బల్లగుడ్డో దుప్పటో చేసేది అతుకుపని, అది వేరేవాళ్లు చేసేవారు. ఏజెంటు దారం ఉండలు ఇచ్చి వెళ్లేవాడు, పూలు లెక్కపెట్టి తీసుకెళ్లేవాడు. పొద్దున వంట ముగించి అరుగు మీద కూర్చుంటే దీపాలు పెట్టే వేళకు లేచేది, కొక్కెం సూది పట్టిన వేలు కాయకట్టి ఉండేది. అయినా మా ఇంట్లో, మా వీధిలో, అందరూ అనే మాట ఒకటే, తీరిక వేళ ఆడవాళ్లు ఏదో అల్లుకుంటారు అని. నేనూ అన్నాను. కాలేజీలో మీ అమ్మ ఏం చేస్తారు అని అడిగితే ఏమీ చేయరు, ఇంట్లోనే ఉంటారు అని చెప్పినదాన్ని నేను. ఆ పూలు ఎవరో అతికితే, ఎవరో కొంటే, ఏ దేశంలో ఏ బల్ల మీద పరుచుకుంటున్నాయో అమ్మకు ఎప్పుడూ తెలీదు. బాబా మా అమ్మ లేసు తిప్పి చూసి అడిగిన మొదటి మాట "ఎవరు?", రెండోది "ఎంత ఇస్తారు?". నాకు తెలిసినంతలో అమ్మను గానీ నన్ను గానీ ఆ రెండు ప్రశ్నలూ అంతకుముందు ఎవరూ అడగలేదు.

బాబా పెళ్లి 1946లో. అత్తవారి పొలం 320 ఎకరాలు. పెళ్లికి వాళ్లమ్మ కుట్టిన రుష్నిక్ మీద నిలబడ్డారట, అదొక పొడవాటి తువ్వాలు, రెండు కొసలా నిండుగా కుట్టు ఉంటుంది. బిడ్డ పుడితే, పెళ్లయితే, మనిషి పోతే, దేవుడి పటానికి, దేనికైనా అది కావాలి వాళ్లకు. ఇక తర్వాతి నలభై ఏళ్లు ఆవిడ మాటల్లోనే చెబితే "పనే". ఆవులు పితకడం, మరలో పాలు పోసి మీగడ తీయడం, కోళ్లు, కూరగాయల మడి, చలికాలానికి సీసాల్లో పట్టడం, వారానికి రెండుసార్లు రొట్టెలు. కోతల కాలంలో నూర్పిడి కూలీలు పదిహేను, ఇరవై మంది దిగితే తెల్లవారుజాము టిఫిన్ నుంచి రాత్రి భోజనం దాకా రోజుకు ఐదుసార్లు పెట్టాలి, అందులో రెండుసార్లు చేను దగ్గరికి మోసుకెళ్లి. మన వైపు కుప్పనూర్పిళ్ల రోజులు చూసినవాళ్లకు అర్థమవుతుంది. కరెంటు 1950లలో గానీ రాలేదు, అది కూడా 1949లో ప్రావిన్స్ ప్రభుత్వం పల్లె పొలాలకు కరెంటు ఇచ్చే చట్టం తెచ్చాక. లైటు వెలిగిన మొదటి రాత్రి ఏం చేశారని అడిగితే, "నల్లగుడ్డ మీద నల్లదారం కుట్టాను" అన్నారు. కుట్టుపని తెలిసినవాళ్లకు ఆ మాట విలువ తెలుస్తుంది.

మీగడ అమ్మిన డబ్బు, గుడ్ల డబ్బు ఆడవాళ్లది, అందులోంచే ఉప్పు, పంచదార, పిల్లల బూట్లు, మిగిలితే దారం. డీఎంసీ కంపెనీ దారం, ఎరుపు రంగు నంబరు 321, నలుపు 310. ఆ నంబర్లు ఆవిడ తన పిల్లల పుట్టినరోజుల్లా చెప్పేవారు. టపాలో వచ్చే ఈటన్స్ దుకాణం కేటలాగులో బొమ్మలు చూసి, కొనకుండా, ఇంట్లో తొక్కుడు మిషన్ మీద అలాంటి గౌన్లే కుట్టేవారు. మగవాళ్ల పాత కోట్లు, సూట్లు చిరిగిపోతే చదరాలుగా కోసి బరువైన ఊలు బొంతలు చేసేవారు, లోపల సొంత గొర్రెల ఉన్ని. అవి కుట్టడానికి మామూలు సూది లొంగదు, దబ్బనం లాంటిదానితో అక్కడక్కడ ముడులు వేయడమే. చేత్తో ఎత్తితే ఆరేడు కిలోలు ఉంటుందేమో ఒక్కోటి, మీద పడితే కదలలేం. అందులో వెతికితే మామగారి కోటు, పెళ్లినాటి సూటు, యుద్ధం నుంచి తిరిగొచ్చిన తమ్ముడి యూనిఫాం, అన్నీ ఉంటాయి. ఇది ఫలానా, ఇది ఫలానా అని వేలితో చూపించేవారు.

ఐదుగురు పిల్లలు పుట్టారు, నలుగురు మిగిలారు. రెండో బిడ్డ మూడు నెలలవాడు, మార్చిలో, మంచుకు దారులు మూసుకుపోయిన మూడు రోజుల్లో పోయాడు. వాడి కోసం మొదలుపెట్టిన చిన్న బొంత సగంలో ఉంది. దాన్ని పూర్తిచేసి వాడితో పంపించాను అని ఒక్కసారి చెప్పారు, నేను మళ్లీ అడగలేదు.

1973లో ఒక కేసు గురించి రేడియోలో విన్నానని చెప్పారు ఒకసారి. పక్కనున్న ఆల్బర్టాలో ఐరీన్ మర్డక్ అనే ఆవిడ, పాతికేళ్ల కాపురంలో పశువుల పొలంలో గడ్డి కోసింది, లారీ నడిపింది, పశువులకు ముద్రలు వేసింది, భర్త ఏడాదికి ఐదు నెలలు బయట ఉద్యోగానికి వెళ్తే అంతా తనే చూసుకుంది. విడిపోయాక భూమిలో వాటా అడిగితే, పొలంలో ఉండే ఏ భార్యైనా చేసే పనే కదా నువ్వు చేసింది అన్నారు, సుప్రీంకోర్టు కూడా అదే ఒప్పుకుంది, ఒక్క బోరా లాస్కిన్ అనే న్యాయమూర్తి మాత్రం కాదన్నాడు. దాని మీద దేశమంతా గొడవై ఆ తర్వాత కొన్నేళ్లలో ప్రావిన్సులు ఒక్కొక్కటిగా చట్టాలు మార్చుకున్నాయి. ఆ వార్త విన్న రోజు బాబా భర్తతో పోట్లాడలేదు, ఆయన మంచి మనిషి. రాత్రి భోజనాలయ్యాక మాత్రం, "మన పొలం కాగితాల మీద నా పేరు ఉందా?" అని అడిగారట. ఆయన కాసేపు ఆలోచించి లేదన్నాడట. మర్నాడు ట్రక్కు తీసి యార్క్‌టన్ వెళ్లి రాయించుకొచ్చారు ఇద్దరూ. ఆ ట్రక్కులో గంటసేపు ఏం మాట్లాడుకున్నారండీ అంటే, "ఏమీ లేదు, నేను మేజోడు అల్లుకుంటూ కూర్చున్నాను" అన్నారు. నాకు ఆవిడ మీద ఉన్న ప్రేమంతా ఆ ఒక్క ముక్కలో ఉంది.

వేసవిలో జరిగే వ్యవసాయ ప్రదర్శనలో కుట్టుపనికి, అల్లికలకు, జామ్‌లకు, పెద్ద గుమ్మడికాయకు కూడా బహుమతులుంటాయి. కెనడాలో మొదటి బహుమతికి ఎర్ర రిబ్బను ఇస్తారు, అమెరికాలో నీలం. బాబా సొరుగు నిండా ఎర్ర రిబ్బన్లే. జడ్జీలు కూడా ముందు వెనక వైపే చూస్తారట, దారం ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియకూడదు. నా మొదటి కుట్టు చూసి ఆవిడ ఏమీ అనకుండా కత్తెర అందించారు. రెండోసారీ అంతే. మూడోసారి కూడా విప్పించి, నాలుగోసారి "ఊఁ" అన్నారు. నేను ఆ "ఊఁ" అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

2003లో నేను కడుపుతో ఉన్నాను. అమ్మ రాలేకపోయింది, ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. రాలేనని తెలిసిన రోజున అమ్మ ఒక పార్సిల్ పంపింది, మెత్తబడిపోయిన పాత నేత చీరలు నాలుగు, పొత్తిళ్లకి. నేను వాటిని ఒళ్లో పెట్టుకుని ఏడుస్తుంటే బాబా వచ్చారు. పొత్తిళ్లంటే ఏమిటో చెప్పాను, పుట్టిన బిడ్డను కొత్తగుడ్డలో పడుకోబెట్టం, అమ్మమ్మ చీర మెత్తగా ఉంటుందని అందులో పడుకోబెడతాం అని. ఆవిడ ఒక చీర తీసి చెంపకు ఆనించుకున్నారు. రెండు చీరలు అలాగే ఉంచమని, రెండు తనకు ఇమ్మన్నారు.

ఆ శనివారం చర్చి కింది హాల్లో ఈ చట్రం బిగించారు. నాలుగు చెక్కలు, మూలల్లో నాలుగు ఇనుప బిగింపు మరలు. చుట్టూ ఏడుగురు, అందరూ డెబ్భై దాటినవాళ్లే, మధ్యలో నేను. కింద గుడ్డ, నడుమ ఉన్ని, పైన అమ్మ చీరల ముక్కలు, వాటి పక్కన బాబా దాచుకున్న పిండి సంచి ముక్కలు. చీర అంచులోని జరీపోగు చూసి ఒకావిడ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. మూడు పూటల్లో అయిపోయింది, మధ్యమధ్య టీ, పిరోహీలు, అంటే బంగాళాదుంప కూరి ఉడికించిన కజ్జికాయల్లాంటివి, వెన్నలో వేయించిన ఉల్లిపాయలు పైన వేసి. మాటలన్నీ ఎవరి మోకాళ్లు ఎలా ఉన్నాయి, ఎవరి మనవడు కాల్గరీ వెళ్లిపోయాడు, ఏ ఊళ్లో ఎలివేటరు పడగొట్టారు, ఇవే. నాకైతే మా అరుగు మీద కూర్చున్నట్టే ఉంది.

చివర్లో బాబా నా చేతికి ఎర్రదారం సూది ఇచ్చి పేర్లు కుట్టమన్నారు. బిడ్డ ఇంకా పుట్టలేదు, ఎవరి పేరు కుట్టను అంటే, "మీ అమ్మది" అన్నారు. తెలుగులోనే కుట్టాను, గుండ్రటి అక్షరాలు సూదితో తిప్పడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. తర్వాత దాని కింద ఆ ఏడుగురి పేర్లు, నా పేరు, ఆఖరున బాబా పేరు. తన పేరు తనే కుట్టుకోమంటే వద్దన్నారు, నన్నే కుట్టమన్నారు. నేను కుడుతున్నంతసేపూ నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

మా అమ్మాయి ఆ బొంత మీదే బోర్లాపడింది, పాకింది. దానికి నాలుగేళ్లు వచ్చేసరికి బాబాకు చూపు తగ్గింది, చేతులు బాగానే ఆడేవి కానీ సూదిలో దారం ఎక్కేది కాదు. అందుకని ప్రతి శనివారం దాన్ని తీసుకెళ్లేదాన్ని, అది కుర్చీ ఎక్కి కూర్చుని నాలుక కొరుక్కుంటూ ఇరవై సూదులకు దారం ఎక్కించి వరసగా దిండుకు గుచ్చేది, వారమంతా బాబా వాటితో కుట్టుకునేవారు. పదహారు ఎరుపు, నాలుగు నలుపు. 2008లో మేం సాస్కటూన్ వచ్చేసేటప్పుడు అది రెండు వందల సూదులు ఎక్కించి వస్తానని ఏడ్చింది. దుకాణంలో ఉన్న సూదుల పొట్లాలన్నీ కొన్నాం, అన్నీ కలిపితే అరవై కూడా రాలేదు.

బాబా 2010 ఫిబ్రవరిలో పోయారు, 86వ ఏట. నాలుగున్నర గంటలు మంచులో నడుపుకుంటూ వెళ్లాం. వాళ్లమ్మ కుట్టిన పెళ్లినాటి రుష్నిక్ ఆవిడ మీద కప్పారు. హాల్లో భోజనాల దగ్గర ఆవిడ కుట్టిన బల్లగుడ్డలన్నీ పరిచారు, ఒకావిడ తన ప్లేటు పక్కన గుడ్డ కొస మెల్లగా ఎత్తి వెనక వైపు చూడడం నేను చూశాను. బొంతలు మనవలు తలా ఒకటి తీసుకున్నారు. ఈ చట్రం మాత్రం ఎవరింట్లోనూ పట్టదు. వాళ్ల పెద్దబ్బాయి దాన్ని మా కారు మీద తాడుతో కట్టి, "అమ్మ నీకు ఇమ్మంది" అన్నాడు. నిజంగా అన్నారో, ఆయనే అనుకున్నాడో అడగలేదు.

మా అమ్మాయి ఇప్పుడు యూనివర్సిటీలో ఉంది. ఆదివారం గరాజ్‌లోకి వచ్చి చెక్కలు చూసి, చలికాలం సెలవుల్లో దీన్ని బిగిద్దామా అమ్మా అంది. అమ్మమ్మ చీరలు ఇంకా రెండు ఉన్నాయిగా అంది. నాలుగు మరల్లో ఒకటి తుప్పుపట్టి బిగుసుకుపోయింది, మావారు దాన్ని కిరోసిన్‌లో నానబెట్టారు. చెక్కల మీద కొట్టిన చారల పట్టీకి బొంత అంచును టాకాలు వేసి బిగిస్తారు, పని అయ్యాక ఆ టాకాలు కోసేస్తారు, తుంచిన దారం ముక్కలు కొన్ని గుడ్డలోనే మిగిలిపోతాయి. అరవై ఏళ్ల ముక్కలు, తెలుపు, నీలం, ఎక్కువగా ఎరుపు. మా అమ్మాయి శుభ్రం చేద్దామని పట్టకారు తెచ్చింది. వద్దన్నాను, వాటి సందుల్లో మన టాకాలకు చోటుందిలే అన్నాను.